ముద్దాయి నిర్దోషి అని జడ్జికి ఒక్కడికే తెలిస్తే? కోర్టు పద్ధతులు తెలిసినవాళ్లు చెప్పండి

రాసింది: మిల్లురోడ్డు_కథలు

అందరికీ నమస్కారం. ఒక కోర్టు థ్రిల్లర్ నవల రాస్తున్నాను, సగం పైగా అయింది. కోర్టులో పనిచేసినవాళ్లు గానీ, హత్య కేసులు వాదించిన లాయర్లు గానీ ఇక్కడ ఉంటే సాయం కావాలి.

కథ 1996లో, కోస్తాలో ఓ చిన్న పట్టణంలో జరుగుతుంది. రైస్ మిల్లు యజమానిని రాత్రిపూట మిల్లు ఆఫీసు గదిలోనే నరికి చంపారు. ముద్దాయి అక్కడ లెక్కలు రాసే పాతికేళ్ల కుర్రాడు. చంపుతుండగా చూసినవాళ్లు ఎవరూ లేరు. జీతం బాకీ మీద ముందురోజు ఇద్దరికీ గొడవైందని ఒక హమాలీ చెప్తాడు. ఆ సాయంత్రం ఇద్దరినీ కలిసి చూశామని మరో ఇద్దరు చెప్తారు. ముద్దాయి చూపిస్తే తీశామని పోలీసులు పెట్టిన కత్తి ఒకటి, రక్తపు మరకల చొక్కా ఒకటి. కేసంతా ఇదే.

నాకు ముఖ్యమైనది జడ్జి పాత్ర. హత్య జరిగిన రాత్రి ఆయన ఓ పెళ్లికి వెళ్లి వస్తూ, లేటైన బండి కోసం విజయవాడ స్టేషన్‌లో కూర్చున్నారు. పక్కనే ఓ కుర్రాడు. తల్లిని పెద్దాసుపత్రిలో చేర్చి వస్తున్నానన్నాడు. ఆయన టీ ఇప్పించారు, అరగంట మాట్లాడుకున్నారు, పేర్లు మాత్రం చెప్పుకోలేదు. ఏడాదిన్నర తర్వాత ఈ హత్య కేసు ఆయన ముందుకే వచ్చింది. సాక్షులందరూ అయిపోయాక ముద్దాయి "ఆ రాత్రి నేను బెజవాడ స్టేషన్లో ఉన్నానయ్యా, ఎవరో పెద్దాయన టీ ఇప్పించాడు" అంటాడు. జడ్జికి అప్పుడు అర్థమవుతుంది.

ఇన్ని వాయిదాల్లో ఆయన ఆ కుర్రాణ్ణి గుర్తుపట్టలేదంటే పాఠకులు నమ్ముతారా? తెలిశాక ఆ కేసులో ఆయన కూర్చోవచ్చా? ఇప్పుడు నేను రాసినదాంట్లో ఆయన సుత్తి కొట్టి, అందరి ముందూ లేచి నిజం చెప్పి, ముద్దాయిని అక్కడికక్కడే వదిలేస్తారు. ఇంట్లో చదివినవాళ్లకు ఆ సీన్ బాగా నచ్చింది. నాకు మాత్రం మనసొప్పడం లేదు. పాతికేళ్లుగా చట్టమే లోకంగా బతికిన మనిషి అలాంటి ఘడియలో నిజంగా ఏం చేస్తాడో తెలుసుకుని రాయాలని ఉంది.


జవాబు: సిద్దిపేట_పాఠకుడు

నాకైతే లేచి నిజం చెప్పే సీనే ఇష్టం. కానీ ఒక డౌట్. తనకు తెలిసిన సంగతి బయటపెట్టకుండా "సాక్ష్యం చాలలేదు" అని రాసి కేసు కొట్టేస్తే సరిపోతుంది కదా? కుర్రాడు బయటపడతాడు, జడ్జి మీద మాట రాదు. ఇంక టెన్షన్ ఎక్కడుంది?


జవాబు: రిటైర్డ్_బెంచ్_క్లర్క్

అమ్మా, నేను కృష్ణా జిల్లాలో సెషన్స్ కోర్టు బెంచ్ క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. జడ్జిగారి డయాస్ కిందే కూర్చుని ఎగ్జిబిట్లకు నంబర్లు వేయడం, డాకెట్ రాయడం, సాక్షులకు ప్రమాణం చేయించడం నా పని. హత్య కేసులు చాలా దగ్గరగా చూశాను. మీరు సినిమా సీన్‌తో తృప్తిపడకుండా అడిగారు చూడండి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు తీసేద్దాం. మన కోర్టుల్లో జడ్జి దగ్గర సుత్తి ఉండదు. భగవద్గీత మీద చెయ్యి వేయించడం కూడా లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు మీదో, దేవుణ్ణి నమ్మనివాళ్లయితే మనస్సాక్షి మీదో అంతా నిజమే చెబుతానని నోటితో చెప్పిస్తాం. ఉరిశిక్ష రాశాక పాళీ విరిచే ఆచారం ఉన్నమాట నిజమే గానీ అది చట్టంలో లేదు, మీ కథలో దానికి చోటూ లేదు. 1980 బచన్ సింగ్ తీర్పు తర్వాత అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి. వేసినా హైకోర్టు ఖరారు చేస్తేనే అమలవుతుంది. ఇలాంటి కేసులో నేరం రుజువైతే పడేది యావజ్జీవమే.

గుర్తుపట్టకపోవడం గురించి మీరు భయపడనక్కర్లేదు. రిమాండు ఖైదీని ఎస్కార్టు వాళ్లు తెస్తారు. దఫేదారు వరండాలోకి వెళ్లి పేరు మూడుసార్లు పిలుస్తాడు. కుర్రాడు వచ్చి హాలు చివర బోనులో నిలబడతాడు. మొదట్లో ఛార్జి చదివి వినిపించినప్పుడు "నేరం ఒప్పుకుంటావా" అంటే "లేదయ్యా" అంటాడు, అదొక్క మాటే. తర్వాత నెలల తరబడి జడ్జిగారి చూపు సాక్షి మీద, లాయర్ల మీద, తన ముందున్న కాగితాల మీద ఉంటుంది. జైల్లో ఉన్నవాడు చిక్కిపోతాడు, గడ్డం పెరుగుతుంది. అటు ముద్దాయి కూడా ఆయన్ని పోల్చుకోలేడు. స్టేషన్లో లాల్చీతో టీ తాగిన మనిషి ఇక్కడ నల్లకోటు, తెల్ల బ్యాండ్లు, గౌనుతో అంత ఎత్తున కూర్చుని ఉంటాడు. ఆ ముఖంలోకి సూటిగా చూసే ధైర్యం అలాంటి కుర్రాళ్లకు ఉండదు.

ఇక అసలు సీన్. మీరు దాని పక్కదాకా వచ్చి దాటిపోయారు. ప్రాసిక్యూషన్ సాక్షులు అయ్యాక, అప్పటి సిఆర్‌పిసి (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) 313 సెక్షన్ కింద ముద్దాయిని అడిగే 313 ఎగ్జామినేషన్ ఉంటుంది. ముద్దాయి దగ్గర ప్రమాణం తీసుకోరు. అతనికి వ్యతిరేకంగా వచ్చిన ప్రతి ముక్కా జడ్జిగారే ప్రశ్నగా అడగాలి (పి.డబ్ల్యు. అంటే ప్రాసిక్యూషన్ సాక్షి). "నీకూ యజమానికీ గొడవైందని పి.డబ్ల్యు.2 చెప్పాడు, ఏమంటావు?" "ఈ కత్తి నువ్వు చూపిస్తేనే దొరికిందని పి.డబ్ల్యు.6 చెప్పాడు, ఏమంటావు?" చాలామంది "అబద్ధం" అంటారు, లేదంటే "తెలియదు" అంటారు. అన్నీ అయ్యాక "ఇంకేమైనా చెప్పుకుంటావా" అని ఒకటి, "నీ తరఫున సాక్షులు ఎవరైనా ఉన్నారా" అని ఒకటి.

ఈ చివరి ప్రశ్న అడక్కుండా వదిలేయడానికి ఏ జడ్జికీ వీల్లేదు. మీ కుర్రాడు స్టేషన్ సంగతి చెప్పేశాడు. ఇప్పుడు ఆ జడ్జిగారు తన నోటితో తానే "సాక్షులు ఉన్నారా" అని అడగాలి. ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆ ప్రశ్న అడుగుతున్న మనిషే. కుర్రాడు "ఆయనెవరో నాకు తెలియదయ్యా" అంటాడు. "సాక్షులు లేరు" అని కాగితం మీద ఎక్కించి, కింద సంతకం పెట్టాలి. లేచి అరవడం కంటే ఇది వెయ్యి రెట్లు బరువైన సీను, అమ్మా. దీన్ని వదులుకోకండి.

నేను పనిచేసిన ఒక జడ్జిగారి అలవాటు చెప్తాను, పనికొస్తే వాడుకోండి. ఆ ప్రశ్న అడిగాక ఆయన పెన్ను కింద పెట్టి ముద్దాయి వైపు చూసేవారు, తొందరపెట్టేవారు కాదు. ఒకసారి ఒక గొర్రెల కాపరి "ఎవరొస్తారయ్యా, వాళ్లు ఆ ఊళ్లోనే బతకాలి కదా" అన్నాడు. టైపిస్టు మామూలుగా "సాక్షులు లేరు" అని కొట్టబోతే ఆయన ఆపి, ఆ మనిషి అన్నది అన్నట్టే ఎక్కించమన్నారు. జడ్జి మనసులో ఏముందో బయటివాళ్లకు తెలిసేది ఇలాంటి చోట్లే. ఏది కాగితం మీదికి ఎక్కించాడు, ఏది ఎక్కించలేదు, అది చూడాలి. సాక్షి జవాబు చెప్పకుండా చాలాసేపు నిలబడిపోతే, ఆ తీరు గురించి నోట్ రాసే అధికారం కూడా అదే చట్టం 280 సెక్షన్ కింద జడ్జికి ఉంది. రాసే జడ్జిలు తక్కువ. మీ జడ్జి రాసేవాడైతే, ఆ అలవాటు మొదటి సాక్షి దగ్గరే చూపించండి. అప్పుడు 313 రోజున ఆయన చెయ్యి ఆగిపోతే పాఠకుడికి విడిగా చెప్పనక్కర్లేదు.


జవాబు: నంద్యాల_వకీలు

బెంచ్ క్లర్కు గారు చెప్పిన సీన్‌కు చేతులెత్తి నమస్కారం. అది రాస్తే నవల నిలబడుతుంది. నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేస్తాను. సిద్దిపేట మిత్రుడి ప్రశ్నకు జవాబు చెప్తాను, ఎందుకంటే థ్రిల్లర్ మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

"సాక్ష్యం చాలలేదు" అని రాయాలంటే నిజంగా చాలకూడదు. తీర్పులో కారణాలు రాయాలి, వాటిని హైకోర్టు చదువుతుంది. కొట్టేసిన కేసు మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లవచ్చు. చూసిన సాక్షి లేని కేసులకు 1984లో శరద్ బిర్ధీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు అయిదు సూత్రాలు పెట్టింది. ప్రతి పరిస్థితీ రుజువు కావాలి, అన్నీ గొలుసులా కలవాలి, ముద్దాయి తప్ప మరొకరు చేసి ఉండే అవకాశం మిగలకూడదు. మీరు చెప్పిన సాక్ష్యం ఆ కొలతకు ఆగదు. గొడవ, సాయంత్రం కలిసి కనిపించడం, ఓ కత్తి... ఏ మంచి జడ్జి అయినా దీన్ని కొట్టేస్తాడు. అప్పుడు మీ జడ్జికి ఏ నలుగుడూ లేదు, హాయిగా ఇంటికి వెళ్తాడు.

కాబట్టి కేసును బలపరచండి. చొక్కా మీది రక్తం చనిపోయినాయన గ్రూపేనని ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు పెట్టండి. కత్తి తీసినప్పుడు మధ్యవర్తిగా సంతకం చేసిన వి.ఏ.ఓ. (గ్రామ పరిపాలనాధికారి) క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలకు, ఒక్క అంగుళం కూడా కదలకుండా చెయ్యండి. ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో పెట్టిన లాయరు, స్టేట్ బ్రీఫ్ అంటాం, స్టేషన్ సంగతి దర్యాప్తు అధికారిని క్రాస్‌లో అడగడమే మర్చిపోనివ్వండి. అడక్కపోతే 313లో కుర్రాడు చెప్పింది తర్వాత ఆలోచించి అల్లుకున్నదని పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్, ప్రభుత్వం తరఫు లాయరు) ఒక్క వాక్యంలో తీసిపారేస్తాడు. ఈ కాగితాలు చూసిన ఏ జడ్జి అయినా శిక్ష వేసేలా ఉండాలి. ఈయనకు మాత్రం అది అబద్ధమని తెలుసు.

అప్పుడు ఒక ఆశ పుడుతుంది చూడండి, అదే మీ కథకు విలన్. అన్యాయం చెయ్యాలనే ఆశ కాదు, కుర్రాణ్ణి చాటుగా కాపాడదామనే ఆశ. అప్పటి ఎవిడెన్స్ చట్టం 165 కింద జడ్జి ఏ సాక్షినైనా, ఎప్పుడైనా, ఏ ప్రశ్నైనా అడగవచ్చు. సిఆర్‌పిసి 311 కింద తనంతట తాను ఎవరినైనా సాక్షిగా పిలిపించవచ్చు, అయిపోయిన సాక్షిని మళ్లీ పిలవవచ్చు. అంటే తన పేరు బయటికి రాకుండా స్టేషన్ మాస్టరును రిజిస్టర్లతో పిలిపించి ఆ రాత్రి ఏ బండి ఎంత లేటో తేల్చవచ్చు, ప్లాట్‌ఫాం టీ స్టాలు మనిషిని పిలిపించవచ్చు. ప్రతి అడుగూ చట్టంలోనే ఉంది. కానీ ఫలానా ప్లాట్‌ఫాం, ఫలానా స్టాలు అని ఈయనకెలా తెలుసు? ముద్దాయి ఆ మాట చెప్పలేదే! తెలివైన పీపీ అయితే అక్కడ తలెత్తి చూస్తాడు. నాకైతే నవలలో అన్నిటికంటే భయపెట్టే చోటు అదే.

జడ్జి ప్రశ్నలకు హద్దేమిటో 1981లో రామ్ చందర్ కేసులో జస్టిస్ చిన్నప్పరెడ్డి గారు రాశారు, మన తెలుగువారే. జడ్జి ఊరికే రికార్డు చేసే యంత్రంలా కూర్చోకూడదు, నిజం కోసం అడగాలి అంటూనే, ప్రాసిక్యూటర్ పనీ డిఫెన్సు లాయరు పనీ తన నెత్తిన వేసుకోకూడదన్నారు. ఆ కేసులో కింది జడ్జి సాక్షులను బెదిరించే ధోరణిలో ప్రశ్నలు వేశారు, దాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మీ జడ్జి ఆ తీర్పు చదివి ఉంటాడు. చదివినవాడు ఆ గీత దాటుతుంటే తనకే తెలుస్తుంటుంది.


జవాబు: మిల్లురోడ్డు_కథలు

ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. "సాక్షులు ఉన్నారా" అన్న ప్రశ్న చదివాక రాత్రి నిద్రపట్టలేదు. టీ స్టాలు గురించి ఆయన అడగబోయి ఆగిపోయే అధ్యాయం ఇప్పుడు నా కళ్ల ముందుంది.

మరి చాటుదారి వద్దనుకుంటే ఆయనకు మిగిలిన దారి ఏమిటి? అప్పటికే సాక్షులందరూ అయిపోయారు కదా, మళ్లీ మొదటినుంచి విచారణ జరుగుతుందా? ఆయన మాట ఎవరు వింటారు?


జవాబు: నంద్యాల_వకీలు

ఒకే కేసులో ఒకే మనిషి జడ్జీ సాక్షీ కాలేడు. ఇది పుస్తకాల్లో వెతకాల్సిన సంగతి కాదు, ఆయన రక్తంలో ఉంటుంది. సిఆర్‌పిసి 479 ప్రకారం తనకు వ్యక్తిగత సంబంధం ఉన్న కేసును, అప్పీలు వెళ్లే కోర్టు అనుమతి లేకుండా జడ్జి విచారించకూడదు. నేరం జరిగిన చోటు చూసినంత మాత్రాన సంబంధం ఉన్నట్టు కాదని అదే సెక్షన్ చెబుతుంది. ఈయన చూసింది చోటు కాదు, ముద్దాయికి ప్రాణాధారమైన విషయం.

కాబట్టి వాయిదా వేసి ఆయన జిల్లా సెషన్స్ జడ్జికి రిపోర్టు రాస్తారు. 408 కింద కింది కోర్టు రిపోర్టు మీద కేసు వేరే కోర్టుకు మార్చవచ్చు. సాక్ష్యం అంతా అయిపోయిన కేసు కాబట్టి, నేను రాస్తే జిల్లా జడ్జి ముందుజాగ్రత్తగా హైదరాబాద్‌లో హైకోర్టుకు పంపినట్టు రాస్తాను. 407లో ఆ దారి కూడా ఉంది. ఆ రిపోర్టే మీ నవలకు గుండెకాయ. "వ్యక్తిగత కారణాల వల్ల" అని మూడు ముక్కలు రాసి తప్పుకుంటే ఆయన బతికిపోతారు, కుర్రాడు పోతాడు. ఆ రాత్రి సంగతి పూర్తిగా రాస్తేనే డిఫెన్సుకు దారి దొరుకుతుంది. ఆయన ఎన్ని చిత్తులు రాసి చించారో మీరు చూపించాలి.

ఇలాంటి ఇరకాటం న్యాయశాస్త్రానికి కొత్త కాదు. నాలుగో హెన్రీ రాజు ఇదే ప్రశ్న గాస్కాయిన్ అనే ప్రధాన న్యాయమూర్తిని అడిగితే, తీర్పు ఆపి రాజుకు విన్నవించి క్షమాభిక్ష కోరతానన్నాడని ఇంగ్లండు పాత లా రిపోర్టుల్లో ఉంది. మన దగ్గర 1959లో నేవీ అధికారి నానావతి హత్య కేసు విచారణలో జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి మెహతా గారు ఆ మాట ఒప్పుకోలేదు, అలాగని తానే శిక్ష వేసేయలేదు. కారణాలు రాసి బొంబాయి హైకోర్టుకు పంపారు. మనసు ఒప్పనిదాన్ని కాగితం మీద పెట్టి పైకి పంపడమే ఇద్దరూ చేసింది.

విచారణ మొదటికి రాదు. 326 ప్రకారం కొత్త జడ్జి పాతాయన రికార్డు చేసిన సాక్ష్యం మీదే ముందుకు వెళ్లవచ్చు, అవసరమైతే సాక్షిని మళ్లీ పిలవవచ్చు. ఇది మీకు వరం. ఈయన ఎక్కించిన ప్రతి మాటా, ఎక్కించని ప్రతి మాటా ఇంకొకరి చేతికి వెళ్తుంది.

ఇక పీపీ క్రాస్. పీపీని చెడ్డవాడిగా రాయకండి దయచేసి. ఆయన అడిగేవి న్యాయమైన ప్రశ్నలు. ఏడాదిన్నర కిందట స్టేషన్ లైట్ల కింద అరగంట చూసిన మనిషిని ఎలా పోల్చారు? ఇన్ని వాయిదాల్లో కళ్లెదుట నిలబడితే పోల్చనివారు, అతను కథ చెప్పిన రోజునే ఎలా పోల్చారు? ఆ రాత్రి అతన్ని ఎన్నింటికి చూశారు, అక్కణ్ణుంచి మిల్లు ఎంత దూరం? 1996లోనే బినయ్ కుమార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, వేరేచోట ఉన్నానన్న వాదనకు కచ్చితమైన రుజువు కావాలి, ఆ సమయానికి నేరస్థలంలో ఉండే అవకాశమే లేదని తేలాలి. పోస్టుమార్టం చేసిన డాక్టరు చావు సమయాన్ని గంటల తేడాతోనే చెప్పగలడు. అందుకే టైము దగ్గర చాలా జాగ్రత్త, నవలలో మీ ప్లాటు అక్కడే నిలబడాలి లేదా కూలాలి. నిజాయితీపరుడైన సాక్షి మాట కూడా చాలకపోవచ్చు. ఇన్నేళ్లు పక్కవాళ్ల సాక్ష్యాన్ని అదే తక్కెట్లో తూచిన మనిషికి ఆ రోజు తన మాట తూగుతుందో లేదో తెలియదు.

ఇంకొకటి, మీ కాలం 1996 కాబట్టి ఐపీసీ 302, సిఆర్‌పిసి నంబర్లే రాయండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చి నంబర్లు మారాయి, హత్య ఇప్పుడు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103.


జవాబు: మిల్లురోడ్డు_కథలు

ఆయన్ని సాక్షిగా కొత్త జడ్జి పిలవాలా, డిఫెన్సు పిలవాలా? తేడా ఏమైనా ఉందా?


జవాబు: రిటైర్డ్_బెంచ్_క్లర్క్

ఉందమ్మా. కోర్టే పిలిస్తే సి.డబ్ల్యు.1 అని వేస్తాం, రెండు పక్షాలూ క్రాస్ చెయ్యవచ్చు. డిఫెన్సు పిలిస్తే డి.డబ్ల్యు.1. అప్పుడు చీఫ్ ఎగ్జామినేషన్, అంటే పిలిచిన పక్షం మొదట అడిగే ప్రశ్నలు, చేయాల్సింది ఆ స్టేట్ బ్రీఫ్ కుర్ర లాయరే. మీరు రెండోదే పెట్టండి. మొన్నటిదాకా ఆయన ముందు నిలబడి మాట తడబడినవాడు, స్టేషన్ సంగతి అడగడం మర్చిపోయినవాడు, ఇప్పుడు ఆయన్నే పేరేమిటి, వయసెంత, ఏం పని చేస్తారు అని అడగాలి. పెద్ద ఉద్యోగంలో ఉన్న సాక్షికి బోనులో కుర్చీ వేయించడం మర్యాద. కొత్త జడ్జిగారు వేయమని చెప్తారు. మీ జడ్జిగారు కూర్చుంటారో నిలబడతారో అది మీరు తేల్చుకోవాలి, ఆ మనిషిని నాకంటే మీకే బాగా తెలుసు. సాక్ష్యం అయ్యాక డిపాజిషన్ (రాసుకున్న సాక్ష్యం) చదివి వినిపించి సరిగ్గా ఉందని ఒప్పించడం ఉంటుంది, కింద ఆర్.ఓ.ఎ.సి. (చదివి వినిపించాం, సరేనన్నారు) అని వేస్తాం. అందులో ఒక మాట తేడాగా పడితే దిద్దమని అడిగే హక్కు సాక్షికి ఉంది. ఆయన తప్పకుండా ఒకటి దిద్దిస్తారని నా నమ్మకం. అధ్యాయం రాశాక ఇక్కడ పెట్టండి, కోర్టు పద్ధతి వరకు నేను చూసి పెడతాను.